కత్తి, బల్లెం, గుదియ: ఒకే కాడతో మూడు రూపాల ఫోమ్ ఆయుధం – కావలి నుంచి తయారీ డైరీ

వేషం కట్టి, మైదానంలో పాత్రగా తిరుగుతూ, ఫోమ్ ఆయుధాలతో పోరాడే లార్ప్ ఆట కోసం చేసిన ఒక ఆయుధం తయారీ వివరాలు ఇవి. విడిగా పట్టుకుంటే 94 సెం.మీ. కత్తి, కాడకు తొడిగితే 178 సెం.మీ. బల్లెం, కత్తి తీసేసి అదే కాడకు గుండ్రటి తల పెడితే 114 సెం.మీ. గుదియ అవుతుంది. కొలతలు, బరువులు, ఖర్చులు, పనికిరాకుండా పోయిన సామాను అన్నీ ఇందులో రాస్తున్నాను. చేసుకోదలచినవారు పనికిరానివాటిని కొనకుండా నేరుగా పనికొచ్చేవే కొనుక్కోవచ్చు.

మా ఆటకు ఆధారం 13వ శతాబ్దపు కథ. పశువుల మేపు దగ్గర మొదలైన తగవు ముదిరి, ఎర్రగడ్డపాటి గొల్లల నాయకుడు కాటమరాజుకూ నెల్లూరు పాలకుడు నల్లసిద్ధికీ పాలేటి ఒడ్డున యుద్ధమైందనీ, నెల్లూరు వైపు ఖడ్గతిక్కన సేనాపతిగా నడిచాడనీ ఈ ప్రాంతంలో గొల్లసుద్దులు విన్నవారికి తెలుసు. ఆట తుమ్మలపెంట దగ్గర సరుగుడు తోటలో, ఇసుక మీద జరుగుతుంది. భోజనాల తర్వాత జట్లు పక్షాలు మారతాయి కనుక, పొద్దున గొల్లవాడి కర్ర పట్టినవాడికే మధ్యాహ్నం నెల్లూరు సైనికుడి కత్తి కావాలి. మోటారు సైకిలు మీద మూడు ఆయుధాలు కట్టుకొని పోవడం కుదరదు. అందుకే ఒకే ఆయుధంలో మూడు రూపాలు.

పని మొదలుపెట్టక ముందే నాలుగు షరతులు రాసి గోడకు అంటించుకున్నాను.

1. ప్రతి రూపమూ విడివిడిగా భద్రత పరీక్ష నెగ్గాలి. బల్లెంగా నెగ్గింది కనుక కత్తిగా కూడా నెగ్గినట్టే అన్న లెక్క చెల్లదు.
2. పొడిచే కొస గానీ, పిడి అడుగు గానీ, అట్టలో కోసిన 6.5 సెం.మీ. రంధ్రంలోంచి దూరకూడదు. కంటి గుంటలోకి ఏదీ దిగకుండా ఉండటానికే ఈ నిబంధన.
3. ఎక్కడ నొక్కినా లోపలి గట్టి దూలం బొటనవేలికి తగలకూడదు.
4. మొత్తం బరువు బల్లెం రూపంలో 1 కిలో దాటకూడదు.

మొదటి దశ: లోపలి దూలం

ఫోమ్ ఆయుధానికి ఎముక లోపలి దూలమే. వెదురును నేరుగా ఫోము కింద దూలంగా వాడకూడదు. విరిగితే ఫోమును చీల్చుకొని పేడులు బయటికి వస్తాయి. మామూలు పీవీసీ గొట్టం ఎండకు పెళుసెక్కి, దెబ్బకు పెంకులుగా పగులుతుంది. మిగిలినవి రెండు: వేడినీళ్ల లైన్లకు వేసే లేత పసుపు సీపీవీసీ గొట్టం, గాజునార ఫైబర్ రాడ్డు.

సీపీవీసీని ఎంచుకోవడానికి అసలు కారణం దాని కొలతలు. ముప్పాతిక అంగుళం గొట్టం బయటి వ్యాసం 22.2 మి.మీ., లోపల దాదాపు 18.2 మి.మీ. ఉంటుంది. అరంగుళం గొట్టం బయటి వ్యాసం 15.9 మి.మీ., లోపల దాదాపు 12.5 మి.మీ. ఉంటుంది. అంటే పెద్ద గొట్టంలో చిన్న గొట్టం, చిన్న గొట్టంలో 12 మి.మీ. ఫైబర్ రాడ్డు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. లేత్ పని అక్కర్లేకుండా, ప్లంబింగ్ కొట్టు సామానుతోనే అతుకు తయారవుతుంది.

రాడ్డు మందం మీద కొంత పరీక్ష జరిగింది. మొదట 10 మి.మీ. రాడ్డు పెట్టి, గొట్టాన్ని బల్లకు బిగించి, 46 సెం.మీ. దూరంలో ఉన్న రాడ్డు కొసకు 2 కిలోల తూకపు రాయి వేలాడదీస్తే కొస 3.3 సెం.మీ. కిందికి దిగింది. అదే పరీక్షలో 12 మి.మీ. రాడ్డు 1.6 సెం.మీ. మాత్రమే దిగింది. రాడ్డు బిగువు వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, 1.2 రెట్ల మందానికి 2.07 రెట్ల బిగువు రావాలి, కొలత కూడా అలాగే వచ్చింది. కత్తిగా తిప్పినప్పుడు 10 మి.మీ. హాయిగానే ఉంది, కానీ బల్లెం చేసేసరికి కొరడాలా ఊగి, దెబ్బ ఆపాలనుకున్న చోట ఆగలేదు. పొడవు రూపానికి సరిపోయే దూలాన్నే పొట్టి రూపానికి కూడా వాడాలి కనుక 12 మి.మీ. ఖాయం చేశాను.

కాడ దగ్గర లెక్క తిరగబడింది. లావుగా ఉంది కనుక ముప్పాతిక గొట్టమే గట్టిదని పైకి అనిపిస్తుంది. కానీ 60 సెం.మీ. దూరంలో 1 కిలో వేలాడదీస్తే ఖాళీ గొట్టం 4 సెం.మీ. వంగింది, ఎండలో కాసేపు పడి ఉన్న తర్వాత ఇంకా ఎక్కువ వంగింది. దీనికి విరుగుడుగా గొట్టం లోపల 17 మి.మీ. మందానికి చెక్కిన సన్న వెదురును అరాల్డైట్ రకం జిగురుతో దిగ్గొట్టాను. ఇక్కడ వెదురు గొట్టంలో బందీగా ఉంటుంది కనుక పేడుల భయం లేదు. అదే పరీక్షలో వంగుడు 1 సెం.మీ.కు తగ్గింది.

కోతలు ఇలా వేసుకోవాలి:

1. కత్తి గొట్టం (ముప్పాతిక): 40 సెం.మీ.
2. కత్తి రాడ్డు (12 మి.మీ.): 64 సెం.మీ. దీని అడుగు 18 సెం.మీ.కు అరంగుళం గొట్టం తొడిగి, కత్తి గొట్టం పైభాగంలో జిగురుతో దించాలి. గొట్టం కింది 22 సెం.మీ. ఖాళీగా ఉండాలి, అతుకు అక్కడికే వస్తుంది.
3. కాడ గొట్టం (ముప్పాతిక): 80 సెం.మీ. అడుగు నుంచి 57 సెం.మీ. వెదురు.
4. చీల (కాడనూ కత్తినీ కలిపే ముక్క): 44 సెం.మీ. అరంగుళం గొట్టం, లోపల పూర్తి పొడవునా ఫైబర్ రాడ్డు. 22 సెం.మీ. కాడలోకి శాశ్వతంగా అతికించాలి, 22 సెం.మీ. బయటికి ఉండాలి.

ఫైబర్ రాడ్డును యాక్సా బ్లేడుతో కోసేటప్పుడు తడిపి కోయాలి. పొడిగా కోస్తే లేచే గాజునార ధూళి ఊపిరికి చేటు, చర్మానికి పడితే రోజంతా దురద. కోసిన కొస సూదుల గుత్తిలా ఉంటుంది. దాన్ని ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్ది, చెప్పుల తోలు బిళ్ల రెండు పొరలు అంటించి, పైన సైకిల్ ట్యూబు ముక్క తొడిగి దారంతో బిగించి కట్టాలి. ఈ టోపీ లేకపోతే ఎంత మంచి ఫోమునైనా రాడ్డు లోపలి నుంచి తొలుచుకుంటూ వచ్చేస్తుంది.

ఇప్పటికి బరువు: కత్తి దూలం 255 గ్రాములు, కాడ 405 గ్రాములు, మొత్తం 660 గ్రాములు.
ఇప్పటికి ఖర్చు: గొట్టాలు 540, ఫైబర్ రాడ్డు 270, వెదురు 20, జిగురు 90, మొత్తం 920 రూపాయలు.

రెండో దశ: ఫోమ్ ఎంపిక

కావలిలో దొరికే మూడు రకాల ఫోమును పరీక్షించాను. తేడా తెలియడానికి 20 సెం.మీ. రాడ్డు ముక్కలకు ఒక్కో రకం చుట్టి, తొడ మీద కొట్టి చూసుకోవడం, బొటనవేలితో నొక్కడం, 5 కిలోల బియ్యం సంచి కింద రాత్రంతా ఉంచి పొద్దున మందం కొలవడం అనే మూడు పరీక్షలు పెట్టాను.

హవాయి చెప్పులకు వేసే షీటు మొదటిది. మందం తగ్గలేదు, అంచు నీటుగా తెగుతుంది, కానీ దెబ్బ తగిలిన చోట కమిలింది. షీటు అమ్మిన చెప్పుల కొట్టాయన కొనేటప్పుడే చెప్పాడు: "ఇది సోలుకేసే సరుకబ్బయా. దీంతో కొడితే కర్రే మేలంటారు ఎవురైనా." ఆయన మాటే నిజమైంది. ఈ షీటును పారేయకుండా పక్కన పెట్టాను. నాలుగో దశలో పనికొచ్చింది.

టీవీ డబ్బాల్లో వచ్చే తెల్లటి ప్యాకింగ్ ఫోమ్ రెండోది. తేలిక, మెత్తన, పైసా ఖర్చు లేదు. బియ్యం సంచి కింద 25 మి.మీ. మందం పొద్దుటికి 16 మి.మీ. అయింది, తీసేసిన తర్వాత కూడా లేవలేదు. రెండు ఆటలకే దూలం తగలడం ఖాయం.

ఈవీఏ అనే ప్లాస్టిక్ ఫోముతో చేసిన 10 మి.మీ. యోగా మ్యాటు మూడోది. 25 మి.మీ. మందం 23కు తగ్గి, గంటలో మళ్లీ 25కు వచ్చింది. తొడ మీద చప్పుడు వచ్చిందే గాని నొప్పి లేదు. దీన్నే ఖాయం చేశాను. యోగా మ్యాటు అన్న పేరుతో వచ్చేవన్నీ ఈవీఏ కావు. గోరుతో గుచ్చితే పడిన గుంట వెంటనే పూడాలి, జిగటగా అనిపించకూడదు.

కత్తి అలుగు కొలతలు: దెబ్బ తగిలే రెండు అంచుల వైపు రాడ్డు నుంచి 25 మి.మీ. ఫోమ్, చదును వైపులా 15 మి.మీ. చొప్పున. మొత్తం వెడల్పు 6.2 సెం.మీ., మందం 4.2 సెం.మీ. కొస దగ్గర రాడ్డు దాటి 8 సెం.మీ. ఫోమ్ ఉంటుంది.

అతికించే క్రమం:

1. రెండు ముఖాలకూ రబ్బరు జిగురును పలచగా పూయాలి.
2. వేలితో తాకితే అంటని స్థితికి వచ్చేదాకా, అంటే పది పదిహేను నిమిషాలు, ఆగాలి.
3. ఒక చివర నుంచి నెమ్మదిగా ఆనించుకుంటూ పోవాలి. ఒకసారి తగిలితే జరపడం కుదరదు.
4. ఇంట్లో చపాతీ కర్ర ఉంటే దాంతో గట్టిగా దొర్లించాలి.

రెండో మెట్టు దగ్గర మన సముద్రపు గాలి ఒక చిక్కు పెడుతుంది. తెల్లవారుజామున చేసిన ముక్కలన్నీ మర్నాటికి అంచుల దగ్గర విడిపోయాయి, మధ్యాహ్నం చేసినవి విడిపోలేదు. జిగురులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పూత మీద కంటికి కనబడని తడిపొర పేరుకుంటుంది, ఆ పొర మీద ఏదీ అంటదు. తేమ తగ్గిన వేళ, అంటే పొద్దు బాగా ఎక్కిన తర్వాత, కిటికీలు తెరిచి, ఫ్యాను నేరుగా తగలకుండా చేస్తే అతుకు నిలిచింది. కిటికీలు మూసి మాత్రం చేయకూడదు. ఆ జిగురు వాసనకు తల తిరుగుతుంది.

ఇప్పటికి బరువు: కత్తి 405 గ్రాములు, కాడ 405 గ్రాములు, మొత్తం 810 గ్రాములు.
ఇప్పటికి ఖర్చు: మ్యాటు 550, చెప్పుల షీటు 180, జిగురు 260; మొత్తం 1,910 రూపాయలు.

మూడో దశ: పొడిచే కొస

కత్తిగా మాత్రమే ఆడేదైతే ఈ దశ అవసరం లేదు. నరకడానికి మాత్రమే అనుమతించి, పొడవడం నిషేధించవచ్చు. బల్లెం పని పొడవడమే కనుక తప్పించుకునే వీలు లేదు.

6.2 × 4.2 సెం.మీ. అలుగు అట్టలోని 6.5 సెం.మీ. రంధ్రంలోంచి ఏ అడ్డూ లేకుండా దూరిపోయింది. అలుగంతా లావు చేస్తే 40 గ్రాములకు పైగా, అదీ కొస వైపు, పెరుగుతుంది. కనుక పై 14 సెం.మీ. మాత్రమే రావి ఆకులా వెడల్పు చేసి, అత్యంత వెడల్పు 8 సెం.మీ. దగ్గర నిలిపాను. భద్రత కోసం చేసిన ఈ మార్పు వల్ల బల్లెం రూపం కూడా కుదిరింది; కాడకు తగిలించినప్పుడు అది కర్రకు గుచ్చిన కత్తిలా కాక నిజమైన బల్లెపు ఆకులా కనిపిస్తుంది.

తర్వాతి సమస్య మెత్తదనం. కొసను బాత్రూం తూకం మీద నిలువుగా నొక్కి చూస్తే, 8 సెం.మీ. ఈవీఏ 5 కిలోల ఒత్తిడికి 1 సెం.మీ. కూడా అణగలేదు. ఛాతీ మీద ఇది గట్టి పోటే. పై 5 సెం.మీ. కోసేసి, సోఫాల్లో వేసే గట్టి రకం స్పాంజి పెట్టి, దాని నెత్తిన 5 మి.మీ. ఈవీఏ టోపీ అతికించాను. ఇప్పుడు 5 కిలోలకు 3 సెం.మీ. అణుగుతుంది, 10 కిలోల దగ్గర కూడా రాడ్డు తగలదు.

స్పాంజి ఒక్కటే ఉంటే పక్కదెబ్బకు ఒరిగిపోయి, లోపలి రాడ్డు దారి తప్పి పక్క నుంచి తగిలే ప్రమాదం ఉంది. అందుకే స్పాంజి చుట్టూ 5 మి.మీ. ఈవీఏతో పలచటి గోడ కట్టి, ఆ గోడకు నాలుగు వైపులా నిలువు చీలికలు పెట్టాను. నిలువుగా నొక్కితే గోడ చీలికల దగ్గర ఉబ్బి దారి ఇస్తుంది. పక్కకు వంచితే నిలబడుతుంది. ఈ డైరీలో నుంచి ఒక్క విషయమే తీసుకునేవారు ఈ చీలికల గోడను తీసుకోండి.

ఇప్పటికి బరువు: కత్తి 420 గ్రాములు, మొత్తం 825 గ్రాములు.
ఇప్పటికి ఖర్చు: స్పాంజి 60, మొత్తం 1,970 రూపాయలు.

నాలుగో దశ: అతుకు

పని ఎక్కువ పట్టిన దశ ఇదే. అతుకుకు నాలుగు పనులున్నాయి: ఊగకూడదు, తిరగకూడదు, ఊడకూడదు, ఊడదీసినప్పుడు గట్టిగా ఉన్నదేదీ బయటికి కనబడకూడదు.

*ఊగడం.* చీల 15.9, గొట్టం లోపల 18.2, తేడా 2.3 మి.మీ. పొట్టి చీలతో, 10 సెం.మీ. లోతుకే దిగేలా చేసిన నమూనాలో ఈ చిన్న తేడా 94 సెం.మీ. పైనున్న కొస దగ్గర 2 సెం.మీ.కు మించిన ఊగుగా తేలింది. లోతు 22 సెం.మీ. చేస్తే ఊగు 1 సెం.మీ.కు తగ్గింది. మిగిలినదాన్ని తీసేయడానికి మొదట కరెంటు టేపు చుట్టాను. చుట్టిన రోజు బిగువుగానే ఉంది. రోహిణి కార్తెలో, 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, టేపు బంక కారి, చీల గొట్టంలో ఇరుక్కొని, ఇద్దరం చెరో వైపు లాగితే గాని రాలేదు. దాన్ని గోకేసి, నూలు గుడ్డ పట్టీని అదే అరాల్డైట్ రకం జిగురులో తడిపి చీల మొదట్లో, చివర రెండు చోట్ల చుట్టి, ఆరిన తర్వాత ఉప్పు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దుతూ సరిపెట్టాను. రెండు పట్టీల మధ్య భాగం ఖాళీగా వదిలేయడం మేలు. పొడవునా బిగువుగా ఉంటే ఇసుక రేణువు ఒక్కటి పడినా పట్టేస్తుంది.

*తిరగడం.* గుండ్రటి గొట్టంలో గుండ్రటి చీల కనుక, నాలుగు దెబ్బలకు అలుగు అంచు పక్కకు తిరిగి, చదును వైపు తగులుతోంది. ఆ వైపు ఫోమ్ 15 మి.మీ. మాత్రమే ఉంది కనుక ఇది అందం సమస్య కాదు, భద్రత సమస్య. గొట్టానికి అడ్డంగా రంధ్రం వేసి మేకు దించడం సులువు, కానీ ఆయుధంలో ఎక్కడా లోహం ఉండకూడదన్నది మా నియమం. కత్తి పిడి అడుగున, కాడ తల దగ్గర 7 సెం.మీ. వ్యాసం గల ఫోమ్ చక్రాలు ఎలాగూ కావాలి, ఎందుకంటే రంధ్రం పరీక్ష ఈ రెండు కొసలకూ వర్తిస్తుంది. ఆ చక్రాలు కలిసే చోట ఒకదానికి నాలుక, రెండోదానికి గాడి కోశాను. మ్యాటు ఫోముతో చేసిన నాలుక మెలికకు నలిగిపోయింది. పక్కన పెట్టిన హవాయి చెప్పుల షీటు ఇక్కడ పనికొచ్చింది: 2 సెం.మీ. ఎత్తు, 6 సెం.మీ. పొడవు నాలుకను దానితో చేసి, చుట్టూ మెత్తటి ఫోమ్ వలయం పెట్టాను. తర్వాత అలుగు తిరగలేదు.

*ఊడటం.* మొదట రెండు చక్రాల మీదుగా వెల్క్రో పట్టీ వేశాను. చేపల అంగట్లో వాడే కొక్కెం తూకంతో లాగి చూస్తే ఇంట్లో 12 కిలోల దాకా పట్టింది. సరుగుడు తోటలో ఒక పూట ఆడి వచ్చిన తర్వాత అదే పట్టీ 4 కిలోలకే విడిపోయింది. కొక్కేల నిండా ఇసుక, సరుగుడు ఆకుల తునకలు పట్టాయి, బ్రష్షుతో దులిపినా పూర్తిగా పోలేదు. వెల్క్రో తీసేసి, సైకిల్ ట్యూబులోంచి 4 సెం.మీ. వెడల్పు వలయం కోసి, కాడ వైపు చుట్టి ఉంచి, కత్తి తొడిగిన తర్వాత దాన్ని పైకి లాగి కత్తి చక్రం మీదికి ఎక్కించేలా మార్చాను. ఇది 9 కిలోల దగ్గర జారుతుంది, ఇసుక పడినా 9 దగ్గరే ఉంది. అంతకంటే గట్టిగా పట్టకపోవడమే మంచిది. ఎవరి కాళ్ల మధ్యో బల్లెం ఇరుక్కుంటే ఎముక కంటే ముందు అతుకు విడిపోవాలి.

*బయటపడిన చీల.* కత్తి ఊడదీసిన క్షణంలో కాడ తల మీద 22 సెం.మీ. గట్టి చీల నగ్నంగా నిలబడుతుంది. దీనికి స్పాంజి తొడుగు వేసి, కత్తి దించినప్పుడు అది అణిగిపోయి, తీసినప్పుడు లేచి చీలను కప్పేలా చేయాలని చూశాను. అణిగిన స్పాంజి నిరంతరం కత్తిని పైకి తోస్తూ రబ్బరు వలయాన్ని జార్చేసింది. చీలను కాడలోకి వెనక్కి నెట్టే ఏర్పాటు చేయాలంటే లోపలి వెదురును కుదించాలి; అప్పుడు కాడ మధ్యలో ఏ బలమూ లేని 22 సెం.మీ. మిగిలి, సరిగ్గా చేతులు పట్టే చోటే వంగుతుంది. అందుకే పరికరంతో కాక నియమంతో తీర్చాను: రూపం మార్చడం పోరు గీత బయటే జరగాలి, ఊడిన కాడకు గుదియ తల తొడగకుండా ఎవరూ గీత లోపలికి రాకూడదు. పోరు మధ్యలో బల్లెంలోంచి కత్తి దూసే వేడుక పోయింది. పోనివ్వవచ్చు.

కాడ మీద పోతే, ఏసీ పైపులకు తొడిగే నల్ల రబ్బరు ఫోమ్ గొట్టం 22 మి.మీ. సైజు అచ్చంగా సరిపోతుంది. పై 45 సెం.మీ.కు అది, కింది పట్టు భాగానికి పలచగా ఒక పొర ఈవీఏ, అడుగున పొన్నులా 7 సెం.మీ. ఫోమ్ గుండు.

ఇప్పటికి బరువు: కత్తి 420, కాడ 480, మొత్తం 900 గ్రాములు.
ఇప్పటికి ఖర్చు: ఫోమ్ గొట్టం 120, వెల్క్రో 60, మొత్తం 2,150 రూపాయలు. సైకిల్ ట్యూబు పంక్చర్ కొట్టులో ఉచితం.

ఐదో దశ: పై పూత

బ్రిటన్‌లో 1982లో పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ అనే లార్ప్ ఆట మొదలైన తర్వాత అక్కడా, ఐరోపాలోనూ పెరిగిన ఆటల్లో ఆయుధానికి లేటెక్స్ (ద్రవ రబ్బరు) పూత సామాన్యం. అమెరికాలో 1977లో మొదలైన డాగర్‌హిర్ తరహా ఆటల్లో గుడ్డ తొడుగు వాడతారు. చూపుకు లేటెక్స్‌దే పైచేయి. లోహపు మెరుపు, చెక్క గీతలు అన్నీ గీయవచ్చు.

లేటెక్స్ పలచటి పూతలు వేసి, ఒక్కోటి ఆరిన తర్వాత మరొకటి వేసి, టాల్కం పౌడరు రాసి, ఎండ తగలని గదిలో ఉంచినంత వరకు బాగుంది. సంచిలో పెట్టి మధ్యాహ్నం తుమ్మలపెంట తీసుకుపోతే అలుగు ముఖం సంచి గుడ్డకు అంటుకొని పూత పొరలుగా ఊడింది. ఎండ, వేడి, చేతి నూనె మూడూ లేటెక్స్‌కు శత్రువులే. మనవైపు ఆటలో మూడూ తప్పవు. చలిదేశపు పద్ధతిని ఇక్కడికి తెచ్చుకోవడం కంటే గుడ్డ తొడుగుకు మారడమే తెలివైన పని.

1. సాగే బనియన్ గుడ్డను అలుగు చుట్టుకొలత కంటే 1 సెం.మీ. తక్కువకు కుట్టించాలి.
2. కుట్టు చదును వైపుకు రావాలి. అంచు మీదికి వస్తే దెబ్బ తగిలిన చోట చర్మం గీసుకుంటుంది.
3. పౌడరు చల్లి, మేజోడు తొడిగినట్టు కొస నుంచి దించాలి. అడుగున నాడాతో బిగించాలి, జిగురు వద్దు, ఉతకడానికి ఊడదీయాలి.
4. రంగు గుడ్డ మీద వేసే రకమే వాడాలి.

పిడికి నూలు తాడు చుట్టాను. కత్తి తూగే చోటు అడుగు నుంచి 48 సెం.మీ. దగ్గర ఉంది, అంటే ముందు బరువు. మామూలుగా పిడి అడుగున కొంత బరువు పెట్టి దీన్ని సరిచేస్తారు. ఇక్కడ పిడి లోపలి 22 సెం.మీ. అతుకు కోసం ఖాళీగా ఉండాలి కనుక ఆ దారి మూసుకుపోయింది. ఖాళీలో ఇసుక సంచి బిరడా పెడితే దెబ్బకు ఎగిరి ఎవరి మీదో పడుతుంది. మూడు రూపాలు కావాలంటే కత్తి కొంచెం మొద్దుగా ఉండటం అందుకు చెల్లించే ధర; ఒంటి చేత్తో చాలాసేపు కత్తిసాము చేయదలచినవారు ఈ నమూనా కాక విడి కత్తి చేసుకోవడం మంచిది.

ఇప్పటికి బరువు: కత్తి 485, కాడ 515, బల్లెం మొత్తం 1,000 గ్రాములు. షరతు గీత మీద నిలబడింది.
ఇప్పటికి ఖర్చు: లేటెక్స్ 380, గుడ్డ, కుట్టుకూలి 150, రంగు 90, మొత్తం 2,770 రూపాయలు.

ఆరో దశ: గుదియ తల

26 సెం.మీ. ముప్పాతిక గొట్టం, పై మూత దగ్గర తోలు బిళ్ల, చుట్టూ మిగిలిన స్పాంజి, దాని మీద ఈవీఏ పలకలు, 12 సెం.మీ. వ్యాసం. అడుగు చక్రానికి కత్తికి ఉన్న గాడి కొలతే, అదే రబ్బరు వలయం. బరువు 170 గ్రాములు. కాడతో కలిపి 685. మొదట ఇక్కడ గొడ్డలి తల అనుకున్నాను, కానీ గొడ్డలి ముక్కు పక్కకు పొడుచుకొని వచ్చి, ఎదుటివాడి డాలుకు తగులుకున్నప్పుడు అతుకును మెలిపెట్టి నాలుకను చీల్చింది. గుండ్రటి తలకు ఆ బెడద లేదు, పైగా గొల్లపక్షానికి గుదియే నప్పుతుంది.

ఇప్పటికి ఖర్చు: తోలు 40, మొత్తం 2,810 రూపాయలు.

తోటలో వాడకం

ఆటలో తల, మెడ, గజ్జల మీద దెబ్బ చెల్లదు. ప్రతి పూట మొదలయ్యే ముందు రెఫరీ మూడు రూపాలనూ విడివిడిగా నొక్కి, రంధ్రం అట్టతో చూస్తాడు. ఆ పరీక్షలో ఒకసారి కత్తి, బల్లెం నెగ్గి గుదియ ఆగిపోయింది. మూత దగ్గర స్పాంజి ఒక పక్కకు జరిగి గొట్టం అంచు వేలికి తగిలింది. స్పాంజిని ఒకే ముద్దగా కాక నాలుగు ముక్కలుగా కోసి, మధ్యలో ఈవీఏ అడ్డగోడలు పెట్టి అతికించిన తర్వాత జరగడం ఆగింది.

ఆట అయిన తర్వాత చేయవలసినవి:

1. రబ్బరు వలయం తీసి, కత్తి గొట్టాన్నీ, గుదియ తల గొట్టాన్నీ తట్టి ఇసుక రాల్చాలి. తడి గుడ్డను పుల్లకు చుట్టి లోపల తుడవాలి. ఉప్పుగాలి తడి ఆరకముందు చీల దించకూడదు.
2. గుడ్డ తొడుగు ఊడదీసి ఉతికి, నీడలో ఆరేయాలి.
3. అలుగును నిలబెట్టకుండా, గోడకు ఆనించకుండా, బల్ల మీద పడుకోబెట్టి ఉంచాలి. కొస మీద నిలబెడితే స్పాంజి అణిగి, మూడో దశ పనంతా పోతుంది.
4. నెలకోసారి తొడుగు తీసి, రాడ్డు కొస చుట్టూ వేలితో నొక్కి చూడాలి. తోలు బిళ్ల అంచు తెలిసిందంటే కొస విప్పి మళ్లీ కట్టాలి.

ఈశాన్య రుతుపవనం వానలకు తోటలో ఆట ఆగుతుంది. ఆ నెలల్లో కాడ లోపలి వెదురు తేమకు ఉబ్బి గొట్టాన్ని పగలగొట్టకుండా, అడుగు పొన్ను విప్పి వెదురు కొసకు జిగురు పూత వేసి మూసేశాను. సైకిల్ ట్యూబు వలయం మాత్రం ఉప్పుగాలికి బీటలు తీస్తోంది. ప్రతి సీజనుకూ కొత్తది కోసుకోవాల్సిందే. 4 సెం.మీ. వెడల్పు మార్చకూడదు, 5 సెం.మీ. వలయం 13 కిలోల దాకా జారలేదు.